బెరడు వలిచిన చేతులే కాపలా కాస్తున్న పెరియార్ అడవి

శుక్రవారం, కుమిళి

మదురై నుంచి కేరళ సరిహద్దు ఊరు కుమిళికి బస్సులో దాదాపు నాలుగు గంటల దారి. తేని దాటాక రెండు పక్కలా ద్రాక్ష పందిళ్ళు, అరటి తోటలు, వరి మడులు. కంబం లోయ ఇంత పచ్చగా ఉండటానికి కారణం కొండ అవతల ఉంది. పెరియార్ పడమటికి పారి అరేబియా సముద్రంలో కలిసే నది. బ్రిటిష్ ఇంజనీరు జాన్ పెన్నీక్విక్ దానికి అడ్డంగా ముల్లపెరియార్ ఆనకట్ట కట్టి, కొండను తొలిచి, నీళ్ళను తూర్పువైపుకు మళ్ళించాడు. 1895లో ఆ పని పూర్తయింది. లోయర్ క్యాంప్ దగ్గర ఘాట్ ఎక్కుతుంటే కొండ మీద నుంచి కరెంటు కేంద్రానికి దిగే లావుపాటి పైపులు కనిపిస్తాయి. గోదావరి జిల్లాల్లో కాటన్ దొరకు దండం పెట్టినట్టే ఇక్కడి రైతులు పెన్నీక్విక్‌కు పెడతారు. మేము టీ తాగిన కొట్లో ఆయన ఫొటో మురుగన్ పటం పక్కనే ఉంది, దానికీ పూలు పెట్టారు.

ఆ ఆనకట్ట వెనక నిలిచిన చెరువు చుట్టూ ఉన్నదే పెరియార్ పులుల అభయారణ్యం. తిరువాన్కూరు రాజుల కాలంలో 1934లో నెల్లిక్కంపట్టి పేరుతో మొదలై, 1978లో టైగర్ రిజర్వ్ అయింది. ఇప్పుడు దాని విస్తీర్ణం 925 చదరపు కిలోమీటర్లు.

నాతో వచ్చింది మా చిన్నమామ. మాది చిత్తూరు, అరవం ఇద్దరికీ బాగానే వచ్చు. మామ గురుస్వామి. ఎరుమేలి నుంచి అళుదా, కరిమల మీదుగా పెద్దపాదం నడిచిన మనిషి. కార్తీకంలో మళ్ళీ మాల వేసుకుంటాడు. దసరా సెలవుల్లో ఎక్కడికైనా వెళ్దామని నేనంటే, "ఎప్పుడూ రాత్రి నడిచి, గుంపులో నడిచి వచ్చేయడమే. ఆ అడవిని నిదానంగా చూడాలమ్మా" అన్నాడు. శబరిమల గుడి పెరియార్ టైగర్ రిజర్వ్ పడమటి భాగంలో ఉంది. మన రెండు రాష్ట్రాల నుంచి ఏటా లక్షల మంది వెళ్తారు. తాము పులుల అడవిలో నడుస్తున్నామని అందులో ఎంతమంది అనుకుంటారు?

కుమిళి బజారంతా ఏలకుల వాసన. మసాలా కొట్లలో కొన్నిటికి తెలుగు బోర్డులు కూడా ఉన్నాయి. సీజన్లో మన బస్సులన్నీ ఇక్కడ ఆగుతాయి మరి. అటవీశాఖ కౌంటర్‌లో రేపటి టైగర్ ట్రెయిల్ (గైడ్లతో అడవిలో నడిచే యాత్ర) కాగితాలు చూపించి, తొందరగా పడుకున్నాం.

శనివారం, అడవి లోపల

పొద్దున్నే ఆఫీసు దగ్గర ముందు చేసిన పని సాక్సులు తొడగడం. మోకాలిదాకా వచ్చే ముతక గుడ్డ సాక్సులు, జలగల కోసం. వాటిని ప్యాంటు మీద తొడిగి, పైన తాడు బిగించి కట్టి, బూట్ల మీద ముక్కుపొడి చల్లారు. మాతో ఇంకో ముగ్గురు యాత్రికులు, గైడ్లు, తుపాకీ పట్టుకున్న ఒక ఫారెస్ట్ గార్డు. గైడ్ల వీపున టెంట్లు, బియ్యం, గిన్నెలు. నా బ్యాగు కూడా తీసుకోబోతే వద్దన్నాను. "ఇంతకంటే బరువు మోశాం అక్కా, అదీ రాత్రిపూట" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. ఆ మాట వెనకున్న కథ మధ్యాహ్నానికి గానీ నాకు తెలియలేదు.

వెదురు తెప్ప మీద చెరువు దాటాం. నూట పాతికేళ్ళ కింద మునిగిన చెట్ల మొదళ్ళు ఇప్పటికీ నీళ్ళలో నల్లగా నిలబడే ఉన్నాయి. వాటి మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. అవతలి గట్టు మీద మొదట గడ్డి మైదానం, అది దాటగానే సతత హరితారణ్యం. లోపలికి అడుగు పెట్టగానే వెలుతురు తగ్గిపోయింది, పైన ఆకుల మీద పడిన వాన చాలాసేపటికి గానీ కిందికి రాలేదు. చెట్ల మొదళ్ళు గోడల్లా పక్కలకు విచ్చుకుని ఉన్నాయి. ఒక మాను మొదట్లో తెల్లగా గట్టిపడిన జిగురును చూపించి, ఇదే సాంబ్రాణిలా వేసే డామర్ అన్నాడు గైడ్. మామ కొంచెం గిల్లి వాసన చూసి దండం పెట్టుకున్నాడు.

నల్ల కొండముచ్చులు కొమ్మల్లోంచి అరుస్తూ దూకాయి. ఒక పెద్ద ఉడత, తోకతో కలిపితే మూరెడు పైనే ఉంటుంది, మమ్మల్ని పట్టించుకోకుండా కాయ తింటూ కూర్చుంది. కాసేపటికి పైన పెద్ద రెక్కల చప్పుడు వినిపించింది. వేళాంబల్, అంటే హార్న్‌బిల్, కేరళ రాష్ట్ర పక్షి. చెట్ల సందుల్లో పసుపు ముక్కు ఒక్క క్షణం మెరిసింది. గైడ్ తల ఎత్తకుండానే చెప్పాడు, "రెండు ఉన్నాయి, రెండోది ఇప్పుడొస్తుంది." నిజంగానే వచ్చింది.

మధ్యాహ్నం వాగు పక్కన ఆగినప్పుడు ఆయన ఒక చెట్టు ఆకు తుంచి నలిపి నా చేతిలో పెట్టాడు. బిర్యానీ ఆకు వాసన. దాని మీద మూడు ఈనెలు నిలువుగా ఉన్నాయి. ఇది వయన, దాల్చినచెక్క జాతి చెట్టు. దీని ఆకును దొన్నెలా చుట్టి, పిండి పెట్టి మలయాళీలు ఆవిరి మీద అప్పాలు ఉడికిస్తారు. చెట్టు మొదలు దగ్గర బెరడు మీద ఒక పాత మచ్చ, అరచేయంత, అంచులు ఉబ్బి మూసుకుంటూ ఉంది. దాని మీద చెయ్యి వేసి ఆయన, "ఇది మేము చేసిందే కావచ్చు" అన్నాడు.

ఈ గైడ్లంతా ఒకప్పుడు వయన బెరడు దొంగతనంగా వలిచి అమ్మినవాళ్ళు. రాత్రిళ్ళు అడవిలో చొరబడి, రోజుల తరబడి లోపలే ఉండి, అక్కడే వండుకుని, మాంసానికి అక్కడే వేటాడి, మూటలు నెత్తిన పెట్టుకుని సరిహద్దు దాటించేవాళ్ళు. చుట్టూ బెరడు వలిచేస్తే చెట్టు నిలువునా ఎండిపోతుంది. ఆ బెరడు దాల్చినచెక్క పేరుతోనో, అగరబత్తీల పొడిగానో బజారులోకి పోయేది. "డబ్బు బాగా వచ్చేదా అన్నా?" అని అడిగాను. "వ్యాపారికి వచ్చేది. మాకు అడ్వాన్సు ఇచ్చేవాడు, అది ఎప్పటికీ తీరదు. దొరికితే కేసు, కేసుకు వకీలు, వకీలుకు మళ్ళీ అప్పు. మా అమ్మాయి పుట్టిన రోజు నేను కోర్టులో ఉన్నాను."

1996లో ప్రపంచ బ్యాంకు, గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ నిధులతో ఇండియా ఎకో డెవలప్‌మెంట్ ప్రాజెక్టు దేశంలో కొన్ని అభయారణ్యాల్లో మొదలైంది. అందులో పెరియార్ ఒకటి. అడవి అంచున బతికేవాళ్ళను బయటికి నెట్టడానికి బదులు వాళ్ళతో కమిటీలు వేసి, అడవి మీద పడే భారానికి బదులుగా వేరే బతుకుతెరువు చూపించడం దాని పద్ధతి. డెబ్బైకి పైగా కమిటీలు ఏర్పడ్డాయి. వాటిలో అందరూ చెప్పుకునేది ఈ బెరడు దొంగల కమిటీ. 1998లో అటవీ అధికారులు వాళ్ళతో కూర్చుని మాట్లాడారు. కేసుల నుంచి బయటపడే దారి చూపిస్తాం, పని ఇస్తాం, మీరు దొంగతనం మానాలి, మీకు తెలిసిన దారులూ మనుషులూ ఎవరో చెప్పాలి. అలా పుట్టింది ఈ టైగర్ ట్రెయిల్. యాత్రికులు కట్టే రుసుములోంచి వీళ్ళకు నెల జీతాలు, కొంత కమిటీ నిధికి. యాత్రికులు లేని రోజుల్లో గస్తీ. అడవిలో దొంగ ఏ వాగు దాటి, ఏ కొండ మలుపులో దాక్కుంటాడో వీళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? వీళ్ళ సాయంతోనే ఎన్నో ముఠాలు దొరికాయి. తర్వాత తమిళనాడు వైపు ఊళ్ళలో గంధపు చెట్లు కొట్టినవాళ్ళతో విడియల్ అనే మరో కమిటీ కూడా ఏర్పడింది.

ఇది చదువుతుంటే తేలిగ్గా జరిగిపోయినట్టు అనిపిస్తుంది. అలా జరగలేదు. ఊళ్ళో పాత ముఠాలు వీళ్ళను బెదిరించాయట. మొదట్లో గార్డులు కూడా వీళ్ళతో ఒకే పళ్ళెంలో తినేవాళ్ళు కాదట. ఇప్పుడు అదే గార్డు తుపాకీ చెట్టుకు ఆనించి, ఈయన వడ్డించే గంజి కోసం కూర్చున్నాడు. గంజి, పెసల కూర, ఉడికించిన కర్రపెండలం, మిరపకాయ కొబ్బరి పచ్చడి. చలికి, ఆకలికి అంతకంటే మంచి భోజనం నేను ఎరగను.

రాత్రి క్యాంపు చుట్టూ ఏనుగులు దాటకుండా తవ్విన కందకం ఉంది. గైడ్లు వంతులు వేసుకుని మంట దగ్గర మేలుకున్నారు. ఎక్కడో కణితి (సాంబర్ జింక) ఒకసారి గట్టిగా అరిచింది. గైడ్లు అందరూ ఒక్కసారి మాటలాపి విన్నారు. అటుగా పులి గానీ రేచుకుక్కలు గానీ ఉండి ఉండాలి అన్నారు.

ఆదివారం, తిరుగు దారి

పులి కనపడలేదు. వాగు ఒడ్డున ఇసుకలో పాద ముద్ర కనపడింది, వాన పడినా అంచులు ఇంకా చెదరలేదు. గైడ్ దాని పక్కన పుల్ల పెట్టి కొలిచి, సమయం, చోటు ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాడు. యాత్ర కోసం మాతో నడుస్తున్నప్పుడు కూడా వీళ్ళు గస్తీ పని చేస్తూనే ఉంటారని అప్పుడు అర్థమైంది. దారిలో కనిపించిన తెగిన తీగ, పాత బూటు గుర్తు, పొయ్యి బూడిద, దేన్నీ ఊరికే వదల్లేదు. టూరిస్టు డబ్బు కడుతున్నాడు కాబట్టి ఆ దారిలో నెలంతా ఎవరో ఒకరు నడుస్తుంటారు. మనుషులు రోజూ నడిచే దారిలో దొంగ ఉచ్చు పెట్టలేడు.

చెరువు ఒడ్డున నీటిపిల్లుల (ఆటర్ల) గుంపు చేపలు పట్టుకుని బండ మీద పడేసి తింటున్నాయి. అవతలి గట్టున అడవిదున్నలు. చాలాసేపు కూర్చున్నాం, ఎవరూ పదమనలేదు. పెద్ద బోట్లలో గుంపుగా వెళ్ళేవాళ్ళకు ఈ నిదానం దొరకదు. కుమిళి పక్కనే బోట్లు బయల్దేరే తేక్కడికి వచ్చే తెలుగువాళ్ళలో చాలామంది ఆ బోటు ఎక్కి, మసాలాలు కొనుక్కుని మున్నార్ వెళ్ళిపోతారు. బోటు తప్పు కాదు, కానీ ఒక్కరోజు ఎక్కువ ఉండి ఈ కమిటీలతో నడిస్తే చూసేదీ ఎక్కువ, మన డబ్బు చేరేది కూడా సరైన చోటికి.

2018 వరదలప్పుడు, తర్వాత కోవిడ్ అప్పుడు యాత్రికులు రావడం ఆగిపోయింది. ఎలా గడిచిందని అడిగితే, ఏలకుల తోటల్లో కూలికి వెళ్ళామన్నాడు పెద్దాయన. "మళ్ళీ బెరడుకి ఎవరైనా వెళ్ళారా?" అంది మా గుంపులో ఒకమ్మాయి. ఆయనకు కోపం రాలేదు. "మా పిల్లలు కాలేజీలో చదువుతున్నారు, వాళ్ళకు ఏం చెప్పుకుంటాం?" అన్నాడు.

సోమవారం, మన్నాన్ల ఊరు

కుమిళి అంచునే మన్నాన్లు, పలియర్లు అనే గిరిజనులు ఉండే గూడేలున్నాయి. ఒకప్పుడు వీళ్ళు అడవి లోపలే ఉండేవాళ్ళు, అభయారణ్యం ఏర్పడే రోజుల్లో బయటికి తెచ్చి భూములిచ్చారు. ఆ భూముల్లో మిరియాల తీగలు వేసుకున్నారు. చెరువులో చేపలు పట్టుకునే హక్కు ఇప్పటికీ ఉంది.

మాకు ఊరు చూపించిన మన్నాన్ కుర్రాడు మిరియాల తీగ పక్కన నిలబడి చెప్పిన సంగతి నాకు బాగా తెలిసినట్టే అనిపించింది. తీగ పూతకు రాకముందే పంట వడ్డీ వ్యాపారి చేతిలో ఉండేది. పెళ్ళికో జబ్బుకో తీసుకున్న అప్పుకు తీగలనే తాకట్టు పెట్టేవాళ్ళు. పేరుకు భూమి సొంతం, మిరియాలు మాత్రం ఊరి బయటవాడివి. అప్పు తీర్చడానికి అడవి మీద పడేవాళ్ళు. ఎకో డెవలప్‌మెంట్ కమిటీ చేసిన మొదటి పని ఆ తాకట్టు విడిపించడం. తర్వాత మిరియాలు కలిసి అమ్ముకున్నారు, రసాయనాలు వేయకుండా పండించి మంచి ధర తెచ్చుకున్నారు. అరకు కాఫీ, మిరియాల కథ తెలిసిన మనకు ఇది కొత్తగా అనిపించదు. ఎకో టూరిజం అంటే కాటేజీలు, జిప్ లైన్లు అనుకునే మన అధికారులు ఈ తాకట్టు సంగతి ముందు చూడాలని నా కోరిక. అప్పులో ఉన్న మనిషిని అడవి కాపాడమంటే ఎలా కాపాడతాడు?

సాయంత్రం వసంత సేన ఆడవాళ్ళు కొందరు కలిశారు. 2002 నుంచి కుమిళి చుట్టుపక్కల ఇల్లాళ్ళు వంతులు వేసుకుని గంధపు చెట్లు ఉండే అడవి అంచుల్లో గస్తీ తిరుగుతున్నారు. జీతం లేదు. ఇంట్లో వంట ముగించుకుని, అన్నం డబ్బా పట్టుకుని, కర్ర పట్టుకుని వెళ్తారు. ఎందుకు చేస్తున్నారని అడిగాను. ఒకామె చెప్పింది: "ఇంట్లో నన్ను ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఇక్కడ ఆఫీసర్ వచ్చినా పేరు పెట్టి పిలిచి, ఈరోజు ఏం చూశావని అడుగుతాడు." ఆమె చీర కొంగు నడుముకు దోపుకున్న తీరు, మాట్లాడుతూనే చెట్ల వైపు చూస్తున్న తీరు, ఇప్పటికీ కళ్ళకు కడుతున్నాయి. కానీ జీతం లేకపోవడం నాకు నచ్చలేదు. గౌరవం గొప్పదే, అయితే ఇరవై ఏళ్ళు పైబడిన పనికి గౌరవంతో పాటు నెలకింత అని కూడా ఉండాలి.

ఎకో డెవలప్‌మెంట్ ప్రాజెక్టు 2004లో ముగిసింది. ఇలాంటివి నిధులు ఆగగానే మూతపడటం మనం చాలా చూశాం. పెరియార్‌లో అలా కాకుండా ఆపింది పెరియార్ ఫౌండేషన్. అడవికి వచ్చేవాళ్ళ దగ్గర తీసుకునే రుసుములో ఒక భాగం ప్రభుత్వ ఖజానాకు పోకుండా ఈ ఫౌండేషన్‌కు చేరి, ఇక్కడి మనుషులకూ ఇక్కడి అడవికీ ఖర్చవుతుంది. 2006లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి ప్రతి టైగర్ రిజర్వ్‌కూ ఇలాంటి ఫౌండేషన్ ఉండాలన్నారు. నాగార్జునసాగర్ శ్రీశైలం, అమ్రాబాద్, కవ్వాల్‌లకూ అదే చట్టం. నల్లమల బేస్ క్యాంపుల్లో గస్తీ తిరిగే చెంచులు, మారేడుమిల్లిలో యాత్రికులకు దారి చూపే వన సంరక్షణ సమితుల వాళ్ళు ఇదే పని చేస్తున్నారు. వాళ్ళ గురించి మనం మాట్లాడుకునేది తక్కువ.

మంగళవారం, గవి

వండిపెరియార్ మీదుగా అడవి మధ్యలోని గవి అనే ఊరికి వెళ్ళాం. టీ తోటలు అయిపోయాక వల్లక్కడవు చెక్‌పోస్టు, ఆ తర్వాత అంతా అడవే. గవిలో ఏలకుల తోటల్లో పనిచేసేవాళ్ళు శ్రీలంక నుంచి తిరిగొచ్చిన తమిళులు, వాళ్ళ పిల్లలు. 1964లో మన ప్రధాని శాస్త్రి, శ్రీలంక ప్రధాని సిరిమావో చేసుకున్న ఒప్పందం తర్వాత వచ్చినవాళ్ళకు కేరళ అటవీ అభివృద్ధి సంస్థ తోటల్లో పని ఇచ్చింది. ఏలకుల ధర పడిపోయిన కాలంలో టూరిజం వాళ్ళకు ఆసరా అయింది. వంట, పడవ, గైడ్ పని, అన్నీ వాళ్ళవే. సింహపు తోక కోతులు రోడ్డు పక్కనే దొరికాయి, చుట్టూ తెల్లటి జూలు, నల్లటి ముఖం. గవిలో కార్లు ఎక్కువ, ఉదయం పది దాటితే హారన్లు. వెళ్ళేవాళ్ళు ఆర్టీసీ బస్సు ఎక్కితే మంచిది.

బుధవారం, సత్రం

సత్రం అనే ఊరి నుంచి పుల్లుమేడు మీదుగా శబరిమలకు పాతదారి ఉంది. సీజన్ కానందున ముందుకు వెళ్ళనివ్వరు. ఆ దారి పక్క గ్రామాల కమిటీ వాళ్ళు ఇద్దరు టీ కొట్టు దగ్గర కలిశారు. మామను చూడగానే "సామీ, ఎప్పుడు మాల?" అన్నారు. సీజన్లో దారి పొడవునా శొంఠి నీళ్ళు, గంజి అమ్మే కొట్లు వీళ్ళవి. అడవి కట్టెలు కొట్టకూడదు, గ్యాస్ మీదే వండాలి, సీజన్ అయ్యాక చెత్తంతా ఏరాలి అన్నది వీళ్ళకూ అటవీశాఖకూ ఒప్పందం. ఏరింది ఏముంటుందని అడిగితే వాళ్ళలో ఒకాయన వేళ్ళ మీద చెప్పాడు: నీళ్ళ సీసాలు, పన్నీరు సీసాలు, కర్పూరం కవర్లు, పసుపు కుంకుమ పొట్లాలు, బిస్కెట్ కవర్లు. ఉప్పు, తీపి తగిలిన కవర్లను ఏనుగులు, కణితులు మింగేస్తాయి. పంబ నదిలో వదిలే బట్టలు ఇంకో బాధ. బట్టలు వదలమని ఏ శాస్త్రమూ చెప్పలేదు, కోర్టు వద్దంది, ఆచారం ఇక్కడిది కూడా కాదు, బయటి రాష్ట్రాల స్వాములు మొదలుపెట్టింది. "తెలుగు సామీలేనా?" అన్నాడు మామ. ఆ మనిషి మొహమాటపడి, "అందరూ" అన్నాడు.

మామ టీ గ్లాసు పక్కన పెట్టి, ఊళ్ళో భజన బృందం పెద్దకు అక్కడి నుంచే ఫోన్ చేశాడు. ఈసారి ఇరుముడిలో పన్నీరు సీసాలు పెట్టొద్దు. పసుపు, కుంకుమ, కర్పూరం కాగితంలోనో ఆకులోనో కట్టాలి. తలా ఒక స్టీలు సీసా. పంబలో ఎవరూ ఒక్క బట్ట వదలకూడదు, తడి బట్టలు తెచ్చుకోవడానికి గుడ్డ సంచీ పెట్టుకోండి. "కన్నెస్వాములకు ముందే చెప్పు, మాల వేసే రోజే" అన్నాడు. తర్వాత ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని కమిటీ మనిషి వైపు తిరిగి, నలభై మంది బృందానికి దారిలో గంజి ముందుగా చెప్పుకోవాలంటే ఎవరిని అడగాలని అడిగాడు.